తూకం ప్రోగ్రాంకి ఏ షేర్డ్ లైబ్రరీలు కావాలో గుంటూరు బయల్దేరకముందే చూసుకోవడం ఎలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ: విజయవాడలో మీ ల్యాప్‌టాప్ మీద, ఉబుంటు 22.04లో, సీ++, క్యూట్ 5 (విండోలు, బటన్లు గీసే లైబ్రరీ)తో ‘తూకం’ అనే ప్రోగ్రాం రాశారు. ఎలక్ట్రానిక్ కాటా నుంచి సీరియల్ కేబుల్ ద్వారా మిర్చి టిక్కీ (బస్తా) బరువు చదివి చిట్టీ ప్రింట్ చేస్తుంది. గుంటూరు యార్డు దగ్గర కమీషన్ కొట్టులో ఉన్న పాత పీసీలో, ఉబుంటు 20.04లో పెట్టారు. మొదట ‘లిబ్‌సీరియల్‌పోర్ట్.ఎస్ఓ.0 తెరవలేకపోతున్నాను’ అన్న ఎర్రర్. ఆ ఫైలు పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లి /యూజర్/లోకల్/లిబ్‌లో పెట్టాక ‘జీలిబ్‌సీ_2.34 నాట్ ఫౌండ్’ అన్న ఎర్రర్ (జీలిబ్‌సీ అంటే సిస్టంలోని మూల సీ లైబ్రరీ). ఒక్కోటీ ఇలా బయటపడుతూ ఉంటే ఎన్నిసార్లు తిరగాలి, ప్రోగ్రాం నడిచేటప్పుడు వాడుకునే విడి కోడ్ ఫైళ్ల, అంటే షేర్డ్ లైబ్రరీల, జాబితా మొత్తం ముందే తెలిసే మార్గం లేదా అని అడిగారు.

కమాండ్లు ఇక్కడ పలికే తీరుగా తెలుగులో రాస్తున్నాను. టెర్మినల్‌లో ఎప్పటిలా ఇంగ్లిష్ చిన్న అక్షరాలతోనే కొట్టండి, పెద్ద అక్షరం కావాల్సిన చోట ఆ మాట చెప్తాను. పాత్‌లలో ‘/యూజర్’ అని రాసింది యూ, ఎస్, ఆర్ అన్న మూడక్షరాలే.

సూటి జవాబు. ఈ మూడు కమాండ్లు చాలు:

`రీడ్‌ఎల్ఫ్ -డీ ./తూకం`
మీ ప్రోగ్రాం నేరుగా పేరు పెట్టి అడిగే లైబ్రరీలు చూపిస్తుంది.

`ఎల్‌డీడీ ./తూకం`
ఆ లైబ్రరీలు, అవి మళ్లీ అడిగేవి, అన్నీ కలిపి ఈ మెషీన్‌లో ఎక్కడ దొరికాయో, ఏవి దొరకలేదో చూపిస్తుంది.

`ఆబ్జ్‌డంప్ -టీ ./తూకం` (టీ పెద్ద అక్షరం)
ఆ లైబ్రరీల్లో ఏ వెర్షన్ సింబల్స్ (ఫంక్షన్ల లాంటివాటి పేర్లు) కావాలో చూపిస్తుంది.

మీ విషయంలో మాత్రం జాబితా తెలిసినంత మాత్రాన పని జరగదు. 22.04లో బిల్డ్ చేసిన బైనరీ (కోడ్ నుంచి తయారైన, నడిపే ఫైలు) 20.04లో నడవదు. ఎన్ని ఫైళ్లు మోసినా అంతే. 20.04 కంటైనర్‌లో (ల్యాప్‌టాప్‌లోనే విడిగా నడిచే చిన్న ఉబుంటు 20.04) మళ్లీ బిల్డ్ చేసి, లైబ్రరీలను ఆ పీసీలో యాప్ట్‌తో (ఉబుంటులో ప్యాకేజీలు ఇన్‌స్టాల్ చేసే కమాండ్) పెట్టడమే సరైన దారి. కారణం, పద్ధతి కింద చెప్తాను.

ఎర్రర్లు ఒక్కొక్కటిగా ఎందుకు వస్తాయో ముందు చూద్దాం. ప్రోగ్రాం మొదలవగానే కెర్నల్ దాన్ని లోడర్ చేతిలో పెడుతుంది. 64 బిట్ ఇంటెల్, ఏఎండీ మెషీన్లలో ఆ లోడర్ పేరు ‘ఎల్‌డీ-లినక్స్-ఎక్స్86-64.ఎస్ఓ.2’. అది బైనరీలో ‘నీడెడ్’ అని రాసి ఉన్న పేర్లు చదివి ఒక్కో ఫైలునూ వెతుకుతుంది. ఒక్కటి దొరక్కపోయినా అక్కడే ఆగి ఆ ఒక్క పేరే చెప్తుంది. దాని తర్వాత ఇంకా ఎన్ని లేవో చెప్పదు. ఫైళ్లన్నీ దొరికాకే వెర్షన్లు సరిచూస్తుంది. అందుకే మీకు జీలిబ్‌సీ ఎర్రర్ రెండో ప్రయాణంలో కనిపించింది. అది మొదటి రోజు నుంచీ అక్కడే ఉంది. ఎల్‌డీడీ అలా మధ్యలో ఆగదు, లేనివన్నీ ఒకేసారి ‘నాట్ ఫౌండ్’ అని చూపిస్తుంది. మొదటి ప్రయాణంలోనే కొట్టు పీసీలో

`ఎల్‌డీడీ ./తూకం | గ్రెప్ "నాట్ ఫౌండ్"`

కొట్టి ఉంటే లేని లైబ్రరీలన్నీ తెలిసేవి. వెర్షన్ గొడవలు కూడా ఎల్‌డీడీ ఔట్‌పుట్ పైభాగంలో వస్తాయి. అవి ఎర్రర్ దారిలో వస్తాయి కాబట్టి ఫైలులోకి మళ్లించేటప్పుడు చివర `2>&1` మరిచిపోకండి.

ఎల్‌డీడీ చెప్పేది అది నడిచిన మెషీన్ గురించే. చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే. మీ ల్యాప్‌టాప్‌లో ఎల్‌డీడీ కొడితే అన్నీ దొరికాయనే చెప్తుంది. దొరక్కేం, బిల్డ్ చేసింది అక్కడే కదా! కొట్టు పీసీ గురించి తెలియాలంటే ఎల్‌డీడీని ఆ పీసీలోనో, దానిలాంటి ఉబుంటు 20.04 కంటైనర్‌లోనో నడపాలి. రీడ్‌ఎల్ఫ్, ఆబ్జ్‌డంప్ అలా కాదు. అవి బైనరీలో రాసి ఉన్నదాన్ని చదువుతాయి, ఏ మెషీన్‌లో చదివినా అదే జవాబు.

రీడ్‌ఎల్ఫ్ ఔట్‌పుట్‌లో నీడెడ్ వరసలు ఎదురుగా చదరపు బ్రాకెట్లలో పేర్లుంటాయి. మీ ప్రోగ్రాంకి లిబ్‌క్యూట్5విడ్జెట్స్.ఎస్ఓ.5, లిబ్‌క్యూట్5ప్రింట్‌సపోర్ట్.ఎస్ఓ.5, లిబ్‌సీరియల్‌పోర్ట్.ఎస్ఓ.0, లిబ్‌ఎస్‌టీడీసీ++.ఎస్ఓ.6, లిబ్‌సీ.ఎస్ఓ.6 లాంటివి ఓ పది లోపు ఉంటాయి. గమనించండి, పాత్ ఎక్కడా ఉండదు. కవరు మీద పేరే ఉంది, ఊరూ వీధీ లేవు. ఎక్కడ వెతకాలన్నది లోడర్ చూసుకుంటుంది.

ఆ పేరు చివరి అంకె చాలా ముఖ్యం. లైబ్రరీ తయారుచేసినవాళ్లు పాత ప్రోగ్రాంలు నడవనంతగా దాన్ని మార్చినప్పుడు ఆ అంకె మారుస్తారు. ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ ఓపెన్‌ఎస్ఎస్ఎల్‌నే తీసుకోండి. ఉబుంటు 20.04లో ఉన్నది లిబ్‌ఎస్ఎస్ఎల్.ఎస్ఓ.1.1, 22.04లో ఉన్నది లిబ్‌ఎస్ఎస్ఎల్.ఎస్ఓ.3. ఒకదాని పేరుతో ఇంకోదానికి సిమ్‌లింక్ (వేరే ఫైలుని చూపించే లింకు) పెట్టమని సలహా ఇచ్చేవాళ్లు కనిపిస్తారు. అలా చేయొద్దు. ఓపెన్‌ఎస్ఎస్ఎల్‌లో వెర్షన్ సింబల్స్ ఉన్నాయి కాబట్టి లోడర్ అక్కడికక్కడే తిప్పికొడుతుంది, అంతవరకు నయం. వెర్షన్ సింబల్స్ లేని లైబ్రరీతో ఇదే పని చేస్తే ప్రోగ్రాం నడుస్తున్నట్టే ఉండి, స్ట్రక్చర్ సైజులు తేడా వచ్చిన చోట పడిపోతుంది, లేదంటే తప్పుడు అంకె చూపిస్తుంది. రైతు సరుకు తూచే ప్రోగ్రాంలో రెండోది ఎంత ప్రమాదమో మీకు చెప్పక్కర్లేదు.

ఎల్‌డీడీ ఔట్‌పుట్ పొడుగు చూసి కంగారు పడొద్దు. క్యూట్ విండో ఉన్న చిన్న ప్రోగ్రాంకి కూడా నలభై, యాభై వరసలు రావచ్చు. నేరుగా అడిగినవి కొన్నే, మిగతావి వాటి వెనక వచ్చేవి. ‘లినక్స్-వీడీఎస్ఓ.ఎస్ఓ.1’ అన్న వరసకి బాణం గుర్తూ పాత్‌ ఉండవు. అది కెర్నల్ తనే మెమరీలో పెట్టేది, డిస్క్ మీద ఫైలు ఉండదు, దానికోసం వెతకొద్దు. ఏ లైబ్రరీని ఎవరు లాక్కొచ్చారో చెట్టులా చూడాలంటే ప్యాక్స్-యుటిల్స్ ప్యాకేజీలో ఉండే `ఎల్‌డీడీట్రీ` బాగుంటుంది. లేని లైబ్రరీ ఒకటి కనిపించి, ‘ఇది నేనెక్కడా వాడలేదే’ అనిపించినప్పుడు దాని వల్ల పని తేలిగ్గా తేలుతుంది.

ఒక జాగ్రత్త. ఊరూ పేరూ తెలియని చోటి నుంచి దింపుకున్న బైనరీ మీద ఎల్‌డీడీ నడపొద్దు. ఎల్‌డీడీ ఒక షెల్ స్క్రిప్టు. ఎల్‌డీ_ట్రేస్_లోడెడ్_ఆబ్జెక్ట్స్ అన్న వేరియబుల్ పెట్టి లోడర్‌ని పిలుస్తుంది. కొన్ని పరిస్థితుల్లో, ముఖ్యంగా పాత వెర్షన్లలో, ఆ బైనరీలోని కోడే నడిచే వీలుంది. దాని మాన్యువల్ పేజీలోనే ఈ హెచ్చరిక ఉంది. అలాంటి ఫైళ్లకి `ఆబ్జ్‌డంప్ -పీ ఫైలు | గ్రెప్ నీడెడ్` (నీడెడ్ పెద్ద అక్షరాల్లో) వాడండి. అది చదువుతుందే తప్ప దేన్నీ నడపదు.

లోడర్ వెతికే వరస తెలిస్తే సగం గొడవలు తీరతాయి. ఆర్‌పాత్, రన్‌పాత్ అంటే లైబ్రరీల కోసం ఎక్కడ వెతకాలో బైనరీలోనే రాసిపెట్టే ఫోల్డర్లు. బైనరీలో ఆర్‌పాత్ ఉండి రన్‌పాత్ లేకపోతే ముందు ఆర్‌పాత్. తర్వాత ఎల్‌డీ_లైబ్రరీ_పాత్ వేరియబుల్. తర్వాత రన్‌పాత్. ఆపైన /ఈటీసీ/ఎల్‌డీ.ఎస్ఓ.క్యాష్ అన్న క్యాష్ ఫైలు. చివరగా /లిబ్, /యూజర్/లిబ్. మీరు లిబ్‌సీరియల్‌పోర్ట్‌ని /యూజర్/లోకల్/లిబ్‌లో పెట్టారు. అది ఈ వరసలో క్యాష్ ద్వారానే దొరుకుతుంది. కాబట్టి ఆ క్యాష్‌ని తాజా చేసే `సుడో ఎల్‌డీకాన్‌ఫిగ్` కొట్టేదాకా ఫైలు కళ్లెదుటే ఉన్నా ‘నాట్ ఫౌండ్’ అంటూనే ఉంటుంది. క్యాష్‌లో ఉందో లేదో `ఎల్‌డీకాన్‌ఫిగ్ -పీ | గ్రెప్ సీరియల్‌పోర్ట్` చెప్తుంది.

అయితే ఉబుంటులో /యూజర్/లోకల్/లిబ్ సిస్టం లైబ్రరీల కంటే ముందు వస్తుంది. అక్కడ పడేసిన ఫైలు మీ ప్రోగ్రాం ఒక్కదానికే కాదు, ఆ పీసీలో ఆ లైబ్రరీ అడిగే ప్రతి ప్రోగ్రాంకీ అంటుకుంటుంది. కాబట్టి మీరు పెట్టిన ఫైలు తీసేసి, మళ్లీ ఎల్‌డీకాన్‌ఫిగ్ కొట్టి, ఆ తర్వాత `సుడో యాప్ట్ ఇన్‌స్టాల్ లిబ్‌సీరియల్‌పోర్ట్0` చేయండి. ముందున్నది తీయకుండా యాప్ట్ చేస్తే పాత కాపీయే లోడ్ అవుతుంది, ప్యాకేజీ ఉండి కూడా ఎర్రర్ పోదు.

ఇక జీలిబ్‌సీ. అసలు చిక్కుముడి ఇదే కాబట్టి కొంచెం నింపాదిగా చెప్తాను.

జీలిబ్‌సీ లైబ్రరీ ఫైలు పేరు లిబ్‌సీ.ఎస్ఓ.6. ఆ పేరు ఏళ్ల తరబడి మారలేదు. పేరు చివర 6 అలాగే ఉంచి, లోపల ఒక్కో ఫంక్షన్‌కి వెర్షన్ చీటీ కడతారు. కొత్త లిబ్‌సీలో పాత చీటీలన్నీ ఉంటాయి, పాత లిబ్‌సీలో కొత్త చీటీలు ఉండవు. అందుకే పాత సిస్టంలో కట్టిన బైనరీ కొత్తదాంట్లో నడుస్తుంది, కొత్తదాంట్లో కట్టింది పాతదాంట్లో నడవదు. ఉబుంటు 18.04లో జీలిబ్‌సీ 2.27, 20.04లో 2.31, 22.04లో 2.35, 24.04లో 2.39. డెబియన్ 11లో 2.31, డెబియన్ 12లో 2.36.

మీ బైనరీ 2.35 ఉన్న చోట కట్టింది, మరి 2.34 ఎందుకు అడిగింది? 2021 ఆగస్టులో వచ్చిన 2.34లో, అప్పటిదాకా విడిగా ఉన్న లిబ్‌పీథ్రెడ్, లిబ్‌డీఎల్ లాంటివాటిని లిబ్‌సీలో కలిపేశారు. దాంతోపాటు ప్రతి ప్రోగ్రాం మొదలవడానికి పిలిచే ‘లిబ్‌సీ_స్టార్ట్_మెయిన్’ ఫంక్షన్‌కి కొత్త చీటీ పడింది. కాబట్టి 22.04లో కట్టిన ఏ సీ ప్రోగ్రాం అయినా, ఒక్క వాక్యం ప్రింట్ చేసేదైనా సరే, కనీసం 2.34 అడుగుతుంది. మీ కోడ్‌లో ఏదో కొత్త ఫంక్షన్ వాడి ఉంటానని వెతుక్కుంటూ కూర్చోకండి. మీ కోడ్ తప్పేమీ లేదు.

మీ బైనరీ అడిగే చీటీలన్నీ చూడాలంటే:

`ఆబ్జ్‌డంప్ -టీ ./తూకం | గ్రెప్ -ఓ 'జీలిబ్‌సీ_[0-9.]*' | సార్ట్ -యూవీ`

ఇందులో టీ, వీ, జీలిబ్‌సీ పెద్ద అక్షరాలు, ఓ, యూ చిన్నవి. ఆ పెద్ద వీ తప్పనిసరి. అది లేకపోతే 2.4ని 2.34 కంటే కింద పెట్టి, అదే పెద్దదని మీరు పొరబడేలా చేస్తుంది. చివరి వరసలో ఉన్నదే మీ ప్రోగ్రాంకి కావాల్సిన కనీస జీలిబ్‌సీ. పీసీలో ఉన్నది ఎంతో `ఎల్‌డీడీ --వెర్షన్` మొదటి వరస చెప్తుంది. ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూడటానికి గుంటూరు వెళ్లక్కర్లేదు, కొట్టులో ఎవరినైనా ఆ ఒక్క కమాండ్ కొట్టి ఫోన్‌లో చదవమంటే సరిపోతుంది.

ఎర్రర్ వాక్యం చివర ‘రిక్వైర్డ్ బై’ అని ఎవరి పేరుందో కూడా చూడండి. చాలామంది అక్కడిదాకా చదవరు. ./తూకం అని ఉంటే మీ బైనరీ అడిగింది. లిబ్‌సీరియల్‌పోర్ట్ పేరుంటే, మీరు 22.04 నుంచి మోసుకెళ్లిన ఆ ఫైలే అడిగిందని అర్థం.

ఇంకో రెండు గోడలు మీకింకా కనిపించి ఉండకపోవచ్చు. మొదటిది లిబ్‌ఎస్‌టీడీసీ++, అంటే సీ++ మూల లైబ్రరీ. దీని చీటీలు జీలిబ్‌సీఎక్స్ఎక్స్ అని మొదలవుతాయి. 20.04లో ఉన్నది 3.4.28 దాకానే. 22.04లోని కంపైలర్ జీసీసీ 11తో కట్టింది 3.4.29 అడగవచ్చు. రెండోది క్యూట్. 20.04లో క్యూట్ 5.12, 22.04లో 5.15. క్యూట్ కూడా చీటీ కడుతుంది, 5.15తో కట్టిన బైనరీ ‘క్యూట్_5.15’ అడుగుతుంది, 5.12 దగ్గర అది ఉండదు. పేరు రెండింటికీ లిబ్‌క్యూట్5కోర్.ఎస్ఓ.5యే. పేర్లు మాత్రమే చూసే జాబితా ఇక్కడ మోసం చేస్తుంది. `ఎల్‌డీడీ -వీ ./తూకం` కొడితే కింద ‘వెర్షన్ ఇన్ఫర్మేషన్’ అన్న భాగంలో ఎవరు ఎవరి దగ్గర ఏ చీటీ అడుగుతున్నారో మొత్తం వస్తుంది.

కొత్త లిబ్‌సీ.ఎస్ఓ.6ని పాత పీసీలోకి కాపీ చేయొద్దు. ఇది మాత్రం గట్టిగా చెప్తున్నాను. లోడర్, లిబ్‌సీ ఒకే బిల్డ్‌లో పుట్టిన జంట. ఒకటి మార్చి ఇంకోటి ఉంచితే ఎల్ఎస్, సుడో, బాష్ సహా ఏదీ తెరుచుకోదు. సరిచేద్దామన్నా కమాండ్ నడవదు. లైవ్ యూఎస్‌బీతో బూట్ చేసి బాగుచేయాల్సి వస్తుంది. సీజన్‌లో కొట్టువాళ్ల పీసీ అలా ఆగితే లావాదేవీలే ఆగిపోతాయి. ఎల్‌డీ_లైబ్రరీ_పాత్‌తో కొత్త లిబ్‌సీ చూపించినా పాత లోడర్‌తో పొసగక ప్రోగ్రాం పడిపోతుంది.

ఇప్పుడు చేయాల్సిన పని. ల్యాప్‌టాప్‌లో డాకర్ (కంటైనర్లు నడిపే సాఫ్ట్‌వేర్) పెట్టుకుని, సోర్స్ ఫోల్డర్‌లో నిలబడి:

`డాకర్ రన్ --ఆర్ఎం -ఐటీ -వీ "$పీడబ్ల్యూడీ":/పని ఉబుంటు:20.04 బాష్`

పీడబ్ల్యూడీ మాత్రం పెద్ద అక్షరాలు. లోపల ముందు యాప్ట్ అప్‌డేట్, తర్వాత బిల్డ్-ఎసెన్షియల్, క్యూట్‌బేస్5-డెవ్, లిబ్‌సీరియల్‌పోర్ట్-డెవ్, సీమేక్ ఇన్‌స్టాల్ చేయండి. మధ్యలో టైమ్ జోన్ అడుగుతూ ఆగిపోతే డెబియన్_ఫ్రంట్ఎండ్ (పెద్ద అక్షరాలు) వేరియబుల్‌ని నాన్ఇంటరాక్టివ్ అని పెట్టి మళ్లీ నడపండి.

పాత బిల్డ్ ఫోల్డర్ వాడొద్దు. 22.04లో తయారైన ఆబ్జెక్ట్ ఫైళ్లు, సీమేక్ క్యాష్ అందులో ఉంటే మేక్ వాటినే లింక్ చేసేస్తుంది, మీరు కంటైనర్‌లో చేసిన పని వృథా. కొత్త ఖాళీ ఫోల్డర్‌లో మొదలుపెట్టండి. 20.04లో సీమేక్ 3.16, జీసీసీ 9 ఉంటాయి. మీ సీమేక్ ఫైలులో కనీస వెర్షన్ 3.20 అని రాసి ఉంటే తగ్గించాలి. కంపైలర్‌కి నేరుగా -ఎస్‌టీడీ=సీ++20 అని ఇచ్చి ఉంటే జీసీసీ 9కి ఆ పేరు తెలియదు, జీ++-10 ఇన్‌స్టాల్ చేసుకోండి. 20.04లోని లిబ్‌ఎస్‌టీడీసీ++ జీసీసీ 10 నుంచే వచ్చింది కాబట్టి కొట్టు పీసీలో ఇబ్బంది రాదు.

బిల్డ్ అయ్యాక పైన చెప్పిన ఆబ్జ్‌డంప్ మళ్లీ నడపండి. చివరి అంకె 2.31 దాటకూడదు. తర్వాత ఆ కంటైనర్ మూసేసి ఇంకో కొత్త 20.04 కంటైనర్ తెరిచి, అందులో ఏమీ ఇన్‌స్టాల్ చేయకుండా ఎల్‌డీడీ కొట్టండి. బిల్డ్ చేసిన కంటైనర్‌లోనే చూస్తే డెవ్ ప్యాకేజీలతోపాటు అన్నీ వచ్చి ఉంటాయి, పరీక్ష పరీక్షే కాదు. కొత్తదాంట్లో వచ్చే ‘నాట్ ఫౌండ్’ జాబితా చూస్తూ లిబ్‌క్యూట్5విడ్జెట్స్5, లిబ్‌క్యూట్5ప్రింట్‌సపోర్ట్5, లిబ్‌సీరియల్‌పోర్ట్0 పెట్టండి. జాబితా ఖాళీ అయ్యేసరికి కొట్టు పీసీలో పెట్టాల్సిన ప్యాకేజీలు మీ చేతిలో ఉన్నట్టే.

ఏ ఫైలు ఏ ప్యాకేజీదో తెలియకపోతే, ఇప్పటికే ఉన్న ఫైలుకి `డీపీకేజీ -ఎస్ పాత్` (ఎస్ పెద్దది), లేని ఫైలుకి `యాప్ట్-ఫైల్ సెర్చ్ పేరు`. డీపీకేజీతో ఒక మెలిక ఉంది. ఎల్‌డీడీ చూపించే పాత్ /లిబ్‌తో మొదలైతే, చాలా ప్యాకేజీలు అదే ఫైలుని /యూజర్/లిబ్ కింద నమోదు చేసుకుని ఉంటాయి. ‘అలాంటి పాత్ లేదు’ అంటే ముందు /యూజర్ తగిలించి మళ్లీ అడగండి. పాత్ లేకుండా ఫైలు పేరు మాత్రమే ఇచ్చినా పనవుతుంది.

పది కొట్లలో పెట్టే ఉద్దేశం ఉంటే .డెబ్ ప్యాకేజీ కట్టడం మంచిది. `డీపీకేజీ-షెల్లిబ్‌డెప్స్` అన్న పనిముట్టు మీ బైనరీ చదివి, ఏ ప్యాకేజీలు, ఏ కనీస వెర్షన్లు కావాలో తనే లెక్కగట్టి రాస్తుంది. చేత్తో రాసిన జాబితాలో ఏదో ఒకటి మరిచిపోతాం, ఇది మరిచిపోదు. దాన్ని కూడా 20.04 కంటైనర్‌లోనే నడపాలి.

ఎల్‌డీడీకి కనిపించనివి కూడా ఉంటాయి. ప్రోగ్రాం నడుస్తూ నడుస్తూ డీఎల్‌ఓపెన్ అన్న కాల్‌తో తెచ్చుకునే లైబ్రరీలు నీడెడ్ జాబితాలో ఉండవు. క్యూట్‌లో ఇవి చాలా ఎక్కువ. విండో తెరవడానికి కావాల్సిన ఎక్స్‌సీబీ ప్లగిన్ అలాంటిదే. ఎల్‌డీడీ అంతా బాగుందని చెప్పాక కూడా ‘క్యూట్ ప్లాట్‌ఫాం ప్లగిన్ లోడ్ కాలేదు’ అని వచ్చేది దీనివల్లే. ప్రింటర్ ప్లగిన్ అయితే మీరు ప్రింట్ నొక్కేదాకా లోడ్ కూడా కాదు, అప్పుడు గానీ లోపం బయటపడదు. డేటాబేస్ డ్రైవర్లూ అంతే.

వీటికోసం మూడు దారులు. క్యూట్_డీబగ్_ప్లగిన్స్=1 (పేరు పెద్ద అక్షరాలు) పెట్టి ప్రోగ్రాం నడిపితే ఏ ప్లగిన్ ఎక్కడ వెతికి ఎందుకు వదిలేసిందో చెప్తుంది. ఆ ప్లగిన్ .ఎస్ఓ ఫైలు మీదే ఎల్‌డీడీ కొడితే దానికి లేనిదేదో తెలుస్తుంది. ఎల్‌డీడీ ప్రోగ్రాంలకే కాదు, లైబ్రరీలకీ పనిచేస్తుంది. క్యూట్ కానివాటికి `ఎల్‌డీ_డీబగ్=లిబ్స్ ./తూకం` (వేరియబుల్ పేరు పెద్ద అక్షరాలు) కొట్టండి. లోడర్ ప్రతి లైబ్రరీకీ ఏ ఏ ఫోల్డర్ తిరిగిందో వరసగా రాస్తుంది. చాలా పొడుగ్గా వస్తుంది, ఎల్‌డీ_డీబగ్_ఔట్‌పుట్ (పెద్ద అక్షరాలు) అన్న వేరియబుల్‌కి ఫైలు పేరిస్తే, ఆ పేరు చివర ప్రాసెస్ నంబరు తగిలిన ఫైలులోకి పోతుంది.

ప్రోగ్రాం తెరిచి, కాటా బరువు చదివించి, ఒక చిట్టీ ప్రింట్ కూడా చేయించి, అప్పుడు `గ్రెప్ '\.ఎస్ఓ' /ప్రాక్/నంబరు/మ్యాప్స్` చూడండి. నంబరు దగ్గర ప్రాసెస్ నంబరు పెట్టాలి. ఆ క్షణాన నిజంగా మెమరీలో ఉన్న లైబ్రరీల జాబితా అది. అన్ని పనులూ ఒక్కోసారి చేయించాకే చూడాలన్నది ఇక్కడి కిటుకు.

తప్పుదారి పట్టించే సందేశాలు కొన్ని. ఫైలు కళ్లెదుటే ఉంది, అయినా నడపబోతే ‘నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ’ అంటే, లేనిది మీ ఫైలు కాదు, దాని లోడర్. `రీడ్‌ఎల్ఫ్ -ఎల్ ./తూకం | గ్రెప్ ఇంటర్‌ప్రెటర్` కొడితే ఏ లోడర్ అడుగుతోందో వస్తుంది. 64 బిట్ సిస్టంలో 32 బిట్ బైనరీ పెట్టినప్పుడు, ఆల్పైన్ లినక్స్‌లో ఉబుంటు బైనరీ పెట్టినప్పుడు ఇలా జరుగుతుంది. ఎల్‌డీడీ ‘నాట్ ఏ డైనమిక్ ఎగ్జిక్యూటబుల్’ అంటే స్టాటిక్ బైనరీ (లైబ్రరీలన్నీ లోపలే కలిపేసుకున్నది) అయినా కావచ్చు, వేరే ప్రాసెసర్‌ది అయినా కావచ్చు. `ఫైల్ ./తూకం` కొడితే ఏదో తేలిపోతుంది. ‘అన్‌డిఫైన్డ్ సింబల్’ అంటే లైబ్రరీ దొరికింది కానీ అందులో ఆ ఫంక్షన్ లేదు, అంటే పేరు ఒకటే, సరుకు వేరే. `ఎల్‌డీడీ -ఆర్` అలాంటివి ముందే పట్టిస్తుంది. కాటా పోర్టు తెరవడానికి ‘పర్మిషన్ డినైడ్’ వస్తే అది లైబ్రరీ గొడవ కాదు. ఆ యూజర్‌ని డయల్‌ఔట్ గ్రూపులో చేర్చి, లాగౌట్ చేసి మళ్లీ లాగిన్ అవ్వాలి.

లైబ్రరీలను ప్రోగ్రాంతోపాటే ఒక ఫోల్డర్‌లో ఇవ్వాలనుకుంటే, లింక్ చేసేటప్పుడు రన్‌పాత్‌గా `'$ఆరిజిన్/లిబ్'` ఇవ్వండి. ఆరిజిన్ పెద్ద అక్షరాలు, చుట్టూ ఒంటి కొటేషన్లు తప్పనిసరి, లేకపోతే షెల్ దాన్ని వేరియబుల్ అనుకుని ఖాళీ చేసేస్తుంది. ప్రోగ్రాం ఏ ఫోల్డర్‌లో ఉన్నా దాని పక్కనున్న లిబ్‌లో వెతుకుతుంది. అయితే రన్‌పాత్ మీ ప్రోగ్రాం నేరుగా అడిగినవాటికే వర్తిస్తుంది. ఆ లైబ్రరీ అడిగే ఇంకో లైబ్రరీకి వర్తించదు. రెండో అంచెలో ‘నాట్ ఫౌండ్’ వస్తే `ప్యాచ్‌ఎల్ఫ్ --సెట్-ఆర్‌పాత్ '$ఆరిజిన్'` అని ఆ ఫోల్డర్‌లోని ఒక్కో లైబ్రరీ మీదా కొట్టాలి. ఈ ఫోల్డర్‌లోకి లిబ్‌సీని, లోడర్‌ని, గ్రాఫిక్స్ డ్రైవర్ లైబ్రరీలను మాత్రం ఎప్పుడూ చేర్చొద్దు, అవి ఆ పీసీవే ఉండాలి. మీ ఒక్క కొట్టు పనికైతే ఇదంతా అనవసరం, యాప్ట్ చాలు.

20.04కి మామూలు సపోర్ట్ 2025 మేలో ముగిసింది. ఆ పీసీలో 22.04 పెట్టడానికి కొట్టువాళ్లు ఒప్పుకుంటే మీ ఇప్పటి బైనరీయే నడుస్తుంది. కానీ సీజన్ మధ్యలో ఓఎస్ మార్చమని నేనైతే చెప్పను. ఇప్పటికి కంటైనర్ బిల్డ్ ఇచ్చి, యార్డుకి వేసవి సెలవులు ఇచ్చినప్పుడు ఓఎస్ పని పెట్టుకోండి.

పెన్‌డ్రైవ్ గురించి కూడా చెప్పాలి. ఫ్యాట్32, ఎక్స్‌ఫ్యాట్ పెన్‌డ్రైవ్‌లలో సిమ్‌లింకులు నిలవవు. లిబ్‌సీరియల్‌పోర్ట్.ఎస్ఓ.0 అన్నది చాలాసార్లు అసలు ఫైలు కాదు, పొడుగు వెర్షన్ పేరున్న ఫైలుకి లింకు మాత్రమే. ఎగ్జిక్యూట్ పర్మిషన్ కూడా దారిలో పోతుంది. అందుకని విడి ఫైళ్లు కాపీ చేయకుండా `టార్ -సీజెడ్ఎఫ్ తూకం.టార్.జీజెడ్ తూకం/` అని మూట కట్టి తీసుకెళ్లి, కొట్టు పీసీ హార్డ్ డిస్క్ మీద విప్పండి, పెన్‌డ్రైవ్ మీద కాదు. అక్కడ నెట్ లేకపోతే, కొత్త 20.04 కంటైనర్‌లో ఆ మూడు ప్యాకేజీలకి `యాప్ట్-గెట్ ఇన్‌స్టాల్ --డౌన్‌లోడ్-ఓన్లీ` కొట్టి, /వర్/క్యాష్/యాప్ట్/ఆర్కైవ్స్‌లో దిగిన .డెబ్ ఫైళ్లను కూడా అదే మూటలో వేసుకోండి. విప్పగానే మొదట ఎల్‌డీడీ, తర్వాత ప్రోగ్రాం, తర్వాత ఒక చిట్టీ ప్రింట్. మూడూ అయితేనే కొట్టులోంచి లేవండి.